దృష్టి నుండి సృష్టికి: చిత్రాచార్య నందలాల్ బోస్ జీవితము

బీహారు రాష్ట్రమున ముంగేరు జిల్లాలో హవేలీ ఖరగ్‌పూర్ అను ఊరు కలదు. ఆ ఊర దర్భంగా సంస్థానమువారి కొలువులో నుండిన పూర్ణచంద్ర బోస్ అను వంగదేశీయునకును, ఆయన ధర్మపత్ని క్షేత్రమణీదేవికిని 1882వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన నందలాల్ జన్మించెను. తల్లి చేతికి ఏది దొరికినను దానితోనే బిడ్డకొక ఆటబొమ్మ చేసి యిచ్చెడి నేర్పరి. ఊరిలో కుమ్మరులు పనిచేయుచుండగను, పండుగల ముందు దేవతాప్రతిమలను మట్టితో మలచుచుండగను ఆ బాలుడు వారి చెంత చేరి తదేకముగా చూచెడివాడు. ఇంటికి వచ్చి తానును ఒక మట్టిముద్ద తీసికొని దుర్గను, వినాయకుని, ఏనుగులను చేయుటకు యత్నించెడివాడు. కొంత పెద్దవాడైన పిమ్మట పూజాపందిళ్ళ అలంకారమున తానొక చేయి వేసెడివాడు. ఇది చదువరులకు సామాన్యవిషయముగనే తోచవచ్చును. వినాయకచవితికి ముందు కుమ్మరి వాకిట గుమికూడని పిల్లలు మన పల్లెలలోను ఉండరు. కాని ఆ చూపు వయసుతో పాటు చెదరిపోక నిలుచుట అరుదు. నందలాల్ విషయమున అది ఎనుబదిమూడేండ్లు నిలిచినది.

పదునారవ యేట ఆతడు చదువునకై కలకత్తా చేరెను. 1902లో ఎంట్రన్సు పరీక్ష గట్టెక్కెను. మరుసటి యేడు సుధీరాదేవితో వివాహమయ్యెను. అటుపిమ్మట వచ్చినది గడ్డుకాలము. ఎఫ్.ఏ. పరీక్ష తప్పెను. కళాశాల మార్చెను, మరల తప్పెను. వాణిజ్యవిద్యయైనను అబ్బునేమో యని పెద్దలు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆ తరగతిలో చేర్పించిరి. అదియు అంటలేదు. చదువుకై ఇంటివారిచ్చిన సొమ్ము అంగళ్ళ పాలగుచుండెను. బొమ్మలున్న పత్రికలను, రవివర్మ పటముల అచ్చుప్రతులను, ఐరోపా చిత్తరువుల నకళ్ళను కొని తెచ్చుకొని, గదిలో కూర్చుండి వానిని చూచి గీయుటయే ఆతని అసలు చదువు.

పెండ్లి యైనవాడు, పరీక్షలు తప్పినవాడు, సంపాదన లేనివాడు. మధ్యతరగతి కుటుంబములలో ఇట్టి కుర్రవానికి ఏమి పేరు వచ్చునో ఇచట వ్రాయనక్కరలేదు. ఐతే ఒక్క సంగతి గమనింపదగినది. ఆనాటికి ఆతడు గీసినవన్నియు నకళ్ళే. చేయి కుదిరినది. ఆ చేతితో చెప్పవలసిన తన మాట యనునది మాత్రము ఇంకను పుట్టలేదు.

దాని పుట్టుకకు కారణమైనది పత్రికలలో అచ్చుపడిన ఒక బొమ్మ. ఆ రోజులలో అవనీంద్రనాథ ఠాకూరు చిత్రములు వంగదేశపు పత్రికలలో వెలువడుచుండెను. బుద్ధునకు పాయసము సమర్పించు సుజాత చిత్రమును చూచి నందలాల్ నిలువునా కదలిపోయెను. తాను అంతవరకు మెచ్చిన పటములలోని దేవతలు నాటకరంగము మీది పాత్రలవలె చూపరులకై నిలుచుండువారు. ఈ చిత్రములోని మనుష్యులు చూపరుల నెరుగరు. తమలో తాము మునిగియుందురు. గురువన్నచో ఈయనయే యని నిశ్చయించుకొని, ఒక మిత్రుని తోడు తీసికొని, బొమ్మల కట్ట చంకనిడుకొని, కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలకు పోయెను. ఇది 1905 ప్రాంతపు మాట. అవనీంద్రుడు అపుడు ఆ కళాశాలకు ఉపాధ్యక్షుడు. బడి ఎగగొట్టి వచ్చితివా యని ఆయన మొదట అడిగెనట.

కళాశాలాధ్యక్షుడు హావెల్ అను ఆంగ్లేయుడు. మన దేశపు చిత్రకళాశాలలలో ఆ కాలమున గ్రీకు విగ్రహముల సుద్ద అచ్చులను ముందుంచుకొని వానిని ఉన్నవి ఉన్నట్లు దింపుటయే విద్యగా సాగుచుండెను. హావెల్ దొర దానిని త్రోసిపుచ్చి, ప్రదర్శనశాలలోని ఐరోపా చిత్రములను తొలగించి, మొగలు చిత్రములవంటి స్వదేశ కళాఖండములను తెచ్చి పెట్టెను. విచిత్రమేమనగా, దానికి అలిగినవారు ఈ దేశపు విద్యార్థులే. తమకు పాశ్చాత్యవిద్య అందకుండ చేయుచున్నాడని పత్రికలును ఆయనను నిందించెను. అట్టి సమయమున ఆ గుమ్మము తొక్కిన నందలాల్ పరీక్షకై సిద్ధిదాతయగు గణపతిని గీసి చూపెనని చెప్పుదురు. ప్రవేశము లభించినది. కొన్నాళ్ళకు మామగారు అవనీంద్రునికడకు వచ్చి, అల్లుని బాగోగులు ఇక తమవేయని చెప్పి, ఆయన సరే యన్న పిమ్మట కుదుటపడి వెళ్ళెను.

అవనీంద్రుని బోధనాపద్ధతి వింతగా నుండెడిది. గీత ఇట్లు గీయుము, రంగు అట్లు వేయుము అని ఆయన తరచుగా చెప్పెడివాడు కాడు. రామాయణ భారతకథలు వినిపించుటకై ఒక పండితుని ఏర్పాటు చేసెను. శిష్యులు కథ వినవలెను. విన్నది మనసులో కదలాడవలెను. అపుడు కుంచె పట్టవలెను. రంగులు కలుపుట మొదలగు పనితనము నేర్పుటకు పాట్నా సంప్రదాయమునకు చెందిన లాలా ఈశ్వరీప్రసాద్ అను వృద్ధచిత్రకారుడు ఉండెను. ఒకరు చేతిని, ఒకరు చెవిని, మనసును తీర్చిరన్నమాట. నందలాల్‌తో కూడ చదివినవారిలో మైసూరునుండి వచ్చిన కె. వెంకటప్ప ఒకడు.

1908లో ప్రాచ్యకళాసమితివారు కలకత్తాలో జరిపిన ప్రదర్శనమున నందలాల్ రచించిన శివసతీ చిత్రమునకు 500 రూపాయల బహుమతి వచ్చెను. ఆ రోజులలో అది చిన్న మొత్తము కాదు. చదువుకై పంపిన సొమ్మును బొమ్మలకు పోసినవాడు ఈ సొమ్మునేమి చేసెను? రైలుటిక్కెట్లు కొనెను. ఉత్తరదేశపు క్షేత్రములను, పురాతన కట్టడములను తిరిగి చూచెను. పిమ్మట దక్షిణదేశపు ఆలయములను చూచెను. గుడిగోడలమీది శిల్పులు పేరు చెప్పుకొనక చేసిపోయిన పనిని దగ్గరనుండి చూచుట ఆతనికి అదియే మొదలు.

1909లో మరియొక పిలుపు వచ్చెను. లేడీ హెరింగ్‌హాం అను ఆంగ్లవనిత అజంతా గుహల కుడ్యచిత్రములకు ప్రతులు వ్రాయించుటకు పూనుకొనెను. గోడలనుండి పెచ్చులూడి రాలిపోవుచున్న ఆ చిత్రములకు నమ్మకమైన ప్రతులైనను నిలువవలెనని ఆమె తపన. కలకత్తానుండి సహాయకులను పంపవలసియుండగా, నందలాల్ వెళ్ళి తీరవలెనని పట్టుబట్టినది సోదరి నివేదిత. ఆమెయు, జగదీశచంద్ర బోసు దంపతులును ఆ శీతకాలమున అజంతాకు పోయి ఆ యువకుల పనిని కన్నులార చూచి వచ్చిరి. అజంతా అపుడు నైజాము రాజ్యములోనిది. హైదరాబాదునుండి సయ్యద్ అహమ్మద్, మహమ్మద్ ఫజలుద్దీన్ అను చిత్రకారులును వచ్చి ఆ పనిలో పాల్గొనిరి. ఈ విధముగా వంగ, కన్నడ, హైదరాబాదు చిత్రకారులు ఒకే గుహలో, చాలీచాలని వెలుతురులో, పదునాలుగు పదునైదు వందల యేండ్లనాటి గీత వెంట తమ గీతను నడపిరి.

వెనుక కలకత్తా గదిలో ఆతడు చేసినదియు నకలే, ఇపుడు అజంతాలో చేసినదియు నకలే కదా యని ఎవరైన అడుగవచ్చును. రెంటికిని భేదము కలదు. అచ్చుబొమ్మను చూచి గీయునపుడు కన్ను ఫలితమును మాత్రమే చూచును. గోడయెదుట నిలుచుండి, నిలువెత్తు రూపమును అదే కొలతలో వ్రాయునపుడు, ఆ పూర్వచిత్రకారుని మోచేయి ఎచట తిరిగెనో, ఎచట ఊపిరి బిగబట్టెనో తన దేహమునకే తెలియును. నందలాల్ రేఖలో ఆ పిమ్మట కానవచ్చిన బలము పుస్తకములనుండి వచ్చినది కాదు.

1912లో జపాను దేశపు కళావేత్త ఒకాకురా కలకత్తాకు వచ్చెను. అగ్గిపుల్లలను మూడింటిని తీసి ముక్కోణముగా పేర్చి ఆయన యువచిత్రకారులకు ఒక సంగతి చెప్పెను. ప్రకృతి ఒక పుల్ల, సంప్రదాయము ఒక పుల్ల, చిత్రకారుని సొంత ఊహ ఒక పుల్ల. ప్రకృతిని మాత్రమే నమ్ముకొన్నవాడు ఉన్నదానిని దింపుటతో ఆగిపోవును. సంప్రదాయమును మాత్రమే పట్టుకొన్నవాడు తాతల మాటనే వల్లించుచుండును. సొంత ఊహ ఒక్కటే చాలుననుకొన్నవాని మాట ఉన్మాదమునకు దగ్గరగును. మూడును కలిసిననే కోణము మూయబడును. నందలాల్ ఈ అగ్గిపుల్లలను మరువలేదు. తన శిష్యులకు ఏండ్ల తరబడి ఈ మాట చెప్పుచునే యుండెను. ప్రతిభ ఆకసమునుండి ఊడిపడునని నమ్ము లోకములో ఇది కొంచెము చప్పగా వినిపించు బోధయే. కాని ఆయన జీవితమంతయు ఈ ముక్కోణములోనే ఇమిడియున్నది.

ఇక ఉమాతపస్సు చిత్రము కథ. శివునికై తపము చేయుచున్న పార్వతిని నందలాల్ ఒక పెద్ద పటముగా వ్రాసెను. రంగులు మితముగా, నగలు లేక, రాతిమీది రాయివలె కఠినముగా ఆ మూర్తి నిలిచెను. అవనీంద్రుడు వచ్చి చూచెను. మిగిలినదంతయు బాగున్నది, కాని ఇంత వెలవెల ఏల? పర్వతరాజపుత్రికకు కొంత అలంకారము చేయరాదా, కొంచెము చందనమో, ఒక పువ్వో ఉంచరాదా యని సలహా చెప్పి ఇంటికి పోయెను. గురువు మాట. శిష్యుడు ఎదురాడలేదు.

ఆ రాత్రి అవనీంద్రునకు నిద్ర పట్టలేదు. ఆ ఉమ కన్నులయెదుట కదలాడసాగెను. నందలాల్ చూచిన ఉమ వేరు, తాను చూడదలచిన ఉమ వేరు. ఆకులు తినుట సైతము మానిన తపస్వినికి అలంకారమెక్కడిది? ఆమెను అట్లు చూచిన కన్ను శిష్యునిది. ఆ కన్నుమీద తన కన్నును రుద్దుటకు తానెవరు? తెల్లవారుటయే తడవుగా ఆయన పరుగుపరుగున నందలాల్ ఇంటికి పోయెను. శిష్యుడు అప్పటికే పటము ముందుంచుకొని, రంగులు సిద్ధము చేసికొని, కుంచె చేతబట్టి కూర్చుండి యుండెను. ఇంకొక గడియ ఆలస్యమైనచో ఆ చిత్రము మరియొకటి యైపోయెడిది. వలదు, ముట్టుకొనకుము అని గురువు ఆపెను. ఒక మంచి చిత్రమును చేతులార చెరుపబోయితినని ఆయన పిమ్మట తానే పదిమందికి చెప్పుకొనెను. ఆనాటినుండి శిష్యుల చిత్రములకు దిద్దుబాటు చెప్పుటలో మిక్కిలి జాగరూకుడయ్యెను. తప్పు దిద్దు గురువులు లోకమున పెక్కుమంది కలరు. చెప్పిన మాటను వెనుకకు తీసికొనుటకై వేకువనే శిష్యుని వాకిటికి పరుగెత్తువారు ఎందరుందురు?

రవీంద్రనాథ ఠాకూరు 1919లో శాంతినికేతనమున కళాభవనమును నెలకొల్పి నందలాల్‌ను రమ్మనెను. శిష్యుని వదలుకొనుట అవనీంద్రునకు కష్టముగా నుండెను. కొంతకాలము కలకత్తాకును శాంతినికేతనమునకును నడుమ ఊగిసలాట జరిగి, చివరకు ఆయన అచటనే స్థిరపడి, 1922లో కళాభవనాధ్యక్షుడై, 1951 వరకు ఆ బాధ్యత వహించెను. పరీక్షలలో పలుమారులు తప్పినవాని ఏలుబడిలో తొలినాళ్ళ కళాభవనమున పరీక్షలే లేకుండుట సహజమే కదా.

అక్కడి చదువు ఎట్లుండెడిదో కొంత వివరముగా చెప్పదగును. నందలాల్ జేబులో ఎల్లపుడు కొన్ని చిన్న అట్టముక్కలుండెడివి. నడచుచు నడచుచు ఆగి, ఒక మేకపిల్లనో, బండిచక్రమునో, మోపు నెత్తికెత్తుకొన్న సంతాలు స్త్రీనో నాలుగు గీతలలో పట్టెడివాడు. స్నేహితులకు, శిష్యులకు వ్రాసిన కార్డులమీద క్షేమసమాచారముతో పాటు ఒక బొమ్మయు నుండెడిది. ఇట్టివి వేలకొలది గీసెను. చెట్టును గీయు శిష్యునికి మొదట పైనున్న ఆకుల గుబురును గీయవలదనెడివాడు. చెట్టు నేలనుండి పైకి పెరుగును గనుక కుంచెయు వేరునుండియే పైకి నడువవలెననెడివాడు. ఆవును గీయువాడు దాని అంచు చుట్టు గీత త్రిప్పి ఊరకుండరాదు. తోలు క్రింది ఎముకను, కండను తెలిసికొనవలెను. వినుటకు చిన్న మాటలే. చేసి చూచిన గాని అందలి లోతు తెలియదు.

వంగదేశపు స్త్రీలు నోములకు, పండుగలకు బియ్యపుపిండి నీటితో నేలమీద దిద్దు ముగ్గులను అల్పన అందురు. మన ముగ్గులకు అవి అక్కచెల్లెండ్రు. చిత్రకళాశాలలో వానికి స్థానముండునని అంతకుముందు ఎవరును తలపలేదు. కళాభవనమున సుకుమారీదేవి అను ఆమె వానిని నేర్పెను. పిమ్మట నందలాల్ కుమార్తె గౌరి ఆ విద్యలో పేరు గడించెను. ఉత్సవదినములలో గురుశిష్యులందరును నేలమీద కూర్చుండి వేదికలకు ముగ్గులు దిద్దెడివారు. తోలుపని, అద్దకము, నేతయు అచట చిత్రలేఖనముతో సమానముగ సాగెను. అమ్మ చేసి యిచ్చిన ఆటబొమ్మ ఎంతటి కళయో ఆయన మరచిపోలేదు కాబోలు. మట్టితో కట్టి, గోడలమీద శిల్పములు తీర్చి, తారు పూసిన ఒక చిన్న ఇల్లు శాంతినికేతనమున నేటికిని కలదు. నల్లయిల్లని దానికి పేరు. దానిని అలంకరించినది గురుశిష్యుల కూటమియే.

ఆ తొలినాటి శిష్యులలో ఆంధ్రుడొకడు కలడు. ఆయన వీరభద్రరావు చిత్ర. వి. ఆర్. చిత్ర అను పేర కొచ్చిన్ కుడ్యచిత్రములను గూర్చియు, దేశములోని కుటీరపరిశ్రమలను గూర్చియు వెలువడిన గ్రంథములలో ఆయన చేయి కలదు. ఇట్లే 1920లలో మచిలీపట్టణపు ఆంధ్ర జాతీయకళాశాలకు కలకత్తానుండి ప్రమోదకుమార చటోపాధ్యాయుడు వచ్చి చిత్రలేఖనము బోధించుటయు, అడివి బాపిరాజు ఆయనకు శిష్యుడగుటయు తెలుగువా రెరిగినదే.

కళాభవనము తెరచిన కొలదికాలమునకే వినోదవిహారి ముఖర్జీ అను బాలుడు వచ్చి చేరెను. ఆతనికి ఒక కంట చూపు లేదు. రెండవ కంటి చూపు మిక్కిలి మందము. పుస్తకమును ముక్కునకు తాకించుకొన్న గాని అక్షరము కానరాదు. కంటితో బ్రతుకవలసిన విద్యకు ఇతడు పనికి వచ్చునా యని నందలాల్ సందేహించెను. ఆ సందేహమును తప్పు పట్టుటకు వీలులేదు. రేపు ఏ దారియు లేక ఆ కుర్రవాడు నిలుచుండిపోయిన బాధ్యత ఎవరిది? సంగతి రవీంద్రునివరకు పోయెను. ఆతడు శ్రద్ధగా కూర్చుండి పనిచేయుచున్నాడా యని మాత్రమే కవి అడిగెను. చేయుచున్నాడని తెలిసికొని, అట్లైన అడ్డు చెప్పవలదు, ఎవరి దారిని వారిని వెదకుకొననిండు అనెను. నందలాల్ ఆ మాటకు కట్టుబడెను. బాలుడు నిలిచెను.

1925లో బాంకురానుండి రామకింకర్ బైజ్ వచ్చెను. నిరుపేద క్షురకకుటుంబమున పుట్టినవాడు. ఆతడు తెచ్చిన బొమ్మలను చూచి, నీకు అన్నియు తెలిసియే యున్నవి, ఇచట క్రొత్తగా నేర్చునదేమున్నది, ఐనను రెండు మూడేండ్లుండుము అని నందలాల్ అనెనట. ఆ రెండు మూడేండ్లు జీవితకాలమైనవి. నందలాల్‌కు తైలవర్ణములు గిట్టవు. రామకింకర్ వానిని తనంతట తానే నేర్చెను. గురువు నడచిన దారి వేరు, శిష్యుడు ఎన్నుకొన్న దారి వేరు. 1938లో కంకరయు సిమెంటును కలిపి ఆరుబయట నిలిపిన సంతాలు కుటుంబ శిల్పము ఆ వేరు దారిలోనిదే. 1940లో సత్యజిత్ రాయ్ అను యువకుడు తల్లి మాట కాదనలేక చేరి, రెండేండ్లు దాటగనే వెడలిపోయెను. ఆతడు చిత్రకారుడు కాలేదు, చలనచిత్రదర్శకుడయ్యెను. చూచుట నేర్చినది శాంతినికేతనముననే యని జీవితాంతము చెప్పుకొనెను. ఇన్ని తీరుల శిష్యులలో ఎవ్వరును గురువునకు నకలు కాకపోవుటను చూచినపుడు ఆ ఉమాతపస్సు నాటి ఉదయము గుర్తునకు రాక మానదు.

గాంధీమహాత్మునితో నందలాల్ సంబంధము వేరొక అధ్యాయము. 1930లో ఉప్పుసత్యాగ్రహము జరుగునపుడు, కర్రపట్టి నడచుచున్న గాంధీజీని నల్లని నేపథ్యముమీద తెల్లని గీతలతో లినోలియం అచ్చుగా చెక్కెను. ఆ బొమ్మను చూడని భారతీయుడు అరుదు; గీసినదెవరో ఎరిగినవారు కొందరే. అదే యేట రవీంద్రుడు పసిపిల్లలకై రచించిన సహజపాఠ్ అను వాచకములకును నందలాలే బొమ్మలు చెక్కియిచ్చెను. వంగదేశమున తరతరముల పిల్లలు అక్షరములతో పాటు ఆ బొమ్మలను దిద్దుకొనిరి.

1936లో ఫైజ్‌పూరున కాంగ్రెసు మహాసభ మొట్టమొదటిసారిగా పల్లెలో జరుగనుండగా, నగరనిర్మాణ అలంకారములను గాంధీజీ నందలాల్‌కు అప్పగించెను. తాను చిత్రకారుడనే గాని కట్టడములు కట్టువాడను కానని ఆయన సంకోచించెను. గాంధీజీ వినలేదు. వెదురు, తడికలు, గడ్డి, త్రాళ్ళు, బుట్టలు: ఊరిలో దొరకు వస్తువులతోనే, ఊరి పనివారి చేతులతోనే అంతయు లేపవలెను. అట్లే లేపిరి. గాంధీజీ సభలో ఆ పనిని మనసార మెచ్చుకొనెను.

1938 ఫిబ్రవరిలో గుజరాతునందు సూరతు జిల్లా హరిపురమున మహాసభ జరిగెను. సుభాస్‌చంద్రబోసు అధ్యక్షుడు. మహాసభకు వచ్చు రైతులు, కూలీలు దారిన పోవుచు చూడగల బొమ్మలు కావలెనని కోరిక. రాజులు వలదు, దేవతలు వలదు. నందలాల్ చేతితయారీ కాగితమును అట్టలకు అంటించి, మట్టిరంగులను కలిపి, తడబాటు లేని వడిగల కుంచెతో వ్రాయసాగెను. డోలు వాయించువాడు, దూదేకువాడు, వడ్రంగి, కుమ్మరి, కోడెను లొంగదీయువాడు, వడ్లు దంచు స్త్రీలు, బిడ్డకు పాలిచ్చు తల్లి. గురుశిష్యులు కలిసి నాలుగువందల వరకు పటములు సిద్ధము చేయగా, వానిలో ఎనుబదికి పైగా నందలాల్ స్వహస్తముతో వ్రాసినవి. వానిని అద్దపుబీరువాలలో పెట్టలేదు; వెదురు ద్వారములమీద, పందిళ్ళ బయట, ఎండలో గాలిలో వ్రేలాడదీసిరి. వచ్చిన కుమ్మరి తన చక్రమును, వచ్చిన వడ్రంగి తన బాడిసెను అందు చూచుకొనెను.

నందలాల్ పనులన్నింటిలో ఇవియే శ్రేష్ఠమని అనినచో తొలినాటి పౌరాణికచిత్రములను ప్రేమించువారు ఒప్పుకొనకపోవచ్చును. తొలి చిత్రములలోని పలుచని మంచుతెరవంటి వర్ణములు మనోహరములే. కాని వానిలో గురువు నీడ కొంత కలదు. హరిపుర చిత్రములలో అజంతా రేఖ కలదు, కాళీఘాటు పటముల వడి కలదు, కన్నులెదుటి పల్లెవాడు కలడు. ఒకాకురా పేర్చిన మూడు పుల్లలును ఇచటనే ఒకదానినొకటి తాకినవి. ఇవి తొందరలో, వాన వచ్చిన చెరిగిపోవు రంగులతో, నాలుగు దినముల సభకై వ్రాసినవి కావుననే ఇంత స్వేచ్ఛ వచ్చినదేమో. నేడు ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలలో అవి పెక్కు భద్రముగా నున్నవి.

1943లో వంగదేశమున ఘోరమైన కరవు వచ్చెను. లక్షలకొలది జనులు అన్నము లేక మరణించిరి. ఆ యేట నందలాల్ అన్నపూర్ణను వ్రాసెను. అన్నమిచ్చు తల్లి కూర్చుండియుండగా ఎదుట శివుడు ఎముకలగూడై ఆడుచుండును. కథ పాతది, అందరెరిగినది. ముప్పదియైదేండ్ల క్రిందట శివసతులను కోమలముగా వ్రాసిన చేయి అదే. కాని ఈ శివుడు బెంగాలు వీథులలో బిచ్చమునకు తిరిగిన శివుడు.

స్వాతంత్ర్యానంతరము రాజ్యాంగమూలప్రతి పుటలను అలంకరించు భారము నందలాల్‌కును ఆయన శిష్యులకును వచ్చెను. ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా అను లేఖకుడు చేతితో అక్షరములు వ్రాసెను. మోహెంజొదారో ముద్రికనుండి గాంధీజీ పాదయాత్రవరకు దేశచరిత్ర ఇరువదిరెండు భాగముల శిరోభాగముల నలంకరించినది. 1950 జనవరి 24న సభ్యులు సంతకములు చేసిన ప్రతి అదియే. 1954లో భారతప్రభుత్వము నందలాల్‌కు పద్మవిభూషణ మిచ్చెను.

ఉద్యోగవిరమణానంతరమును ఆయన శాంతినికేతనమును వీడలేదు. దేహము సన్నగిల్లినను చిన్న కాగితములమీద నల్లసిరాతో కొండలను, చెట్లను, పడవలను వ్రాయుచునే యుండెను. రంగుకాగితపు ముక్కలను చింపి అంటించి బొమ్మలు చేయుట ఆ వయసున ఆయనకొక వినోదము. 1966 ఏప్రిల్ 16న కన్నుమూసెను.

ఆనాటికి వినోదవిహారి పూర్తిగ అంధుడై దాదాపు పదియేండ్లు గడచినవి. మిగిలిన ఆ మందపు చూపుతోనే ఆతడు 1940లలో శాంతినికేతనపు హిందీభవనపు గోడలమీద మధ్యయుగపు భక్తుల చరిత్రను విశాలముగా వ్రాసియుండెను. 1956–57 ప్రాంతమున కంటికి జరిగిన శస్త్రచికిత్స ఫలింపక ఆ చూపును పోయెను. ఆతడు పని మానలేదు. మైనముతో బొమ్మలు చేసెను, కాగితములు కత్తిరించెను, చేతి తడుముతో గీతలు గీసెను. 1972లో కళాభవనపు గోడకు పెంకుపలకలతో ఒక పెద్ద చిత్రమును కూర్చెను. ఆతడు పలకలను వ్రేళ్ళతో తడిమి చూచుకొనుచు కూర్చుండగా, ఆ పనిని చలనచిత్రముగా తీసినవాడు ఒకప్పుడు అదే కళాభవనమున చదువుకొనిన సత్యజిత్ రాయ్.